గండికోట ఫొటో వర్క్‌షాప్ తర్వాత: ఫొటోలు పంచుకోవడం, ఎడిటింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జమ్మలమడుగు దగ్గర గండికోటలో, పెన్నా లోయ అంచున, తెల్లవారుజామున పదిహేను ఇరవై మంది ట్రైపాడ్లు వేసుకుని ఒకే సూర్యోదయాన్ని తీస్తారు. ఇంటికొచ్చి చూసుకుంటే ఏ రెండు ఫొటోలూ ఒకలా ఉండవు. బృందంగా వెళ్లడంలో అసలు లాభం అదే. వెలుగు అందరికీ ఒకటే కాబట్టి తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవచ్చు. అయితే ఫొటో ఒక్కటే చూపిస్తే అది దొరకదు, అది ఎలా తయారైందో కూడా చెప్పాలి. ఈ జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే. ఎడిటింగ్ విషయాలు అడోబ్ వారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌ను బట్టి చెప్పాం. డార్క్‌టేబుల్, రాథెరపీ లాంటి వేరే సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకు పేర్లు మారతాయి గానీ పని అదే.

ఎన్ని ఫొటోలు పంచుకోవాలి?

ఎనిమిది నుంచి పది. అంతకు మించితే ఎవరూ శ్రద్ధగా చూడరు. ఒకే ఫ్రేమును కాస్త అటూ ఇటూ జరిపి తీసిన ఏడు ఫొటోల్లో ఒకటే ఉంచండి.

ఏరడం రెండు విడతల్లో చేయండి. మొదటి విడతలో ఫొటోలన్నీ చిన్న బొమ్మలుగా చూడండి. ఆ సైజులో కూడా కన్ను ఆగిందంటే కూర్పు బాగున్నట్టే. రెండో విడతలో ఒక్కొక్కటీ 100 శాతం పెద్దది చేసి ఫోకస్, షేక్ చూడండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, దాంతో పదునుగా ఉన్నా ఏమీ చెప్పని ఫొటోలు మిగులుతాయి.

కుదరని ఫొటో కూడా ఒకటి తప్పకుండా పెట్టండి. వెలుగు, చోటు, సమయం అన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి, అది ఎందుకు కుదరలేదో చెప్పగలిగిన వాళ్లు గుంపులో కచ్చితంగా ఉంటారు.

జేపెగ్ సరిపోదా? రా ఫైలు కూడా ఇవ్వాలా?

చూడటానికైతే జేపెగ్ చాలు. ఎడిటింగ్ నేర్చుకోవడానికి చాలదు. రా అంటే సెన్సర్ పట్టినదాన్ని కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైలు. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 మెట్లు ఉంటాయి, 8 బిట్ల జేపెగ్‌లో 256. నల్లగా ఉన్న లోయ గోడను పైకి తేల్చినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. రాలో రాతి పొరలు కనిపిస్తాయి, జేపెగ్‌లో మచ్చలూ చారలూ కనిపిస్తాయి.

పది ఫొటోలకూ రా అక్కర్లేదు, రెండు మూడింటికి ఇస్తే చాలు. దాంతో పాటు ఎక్స్‌ఎమ్‌పీ ఫైలు కూడా ఇవ్వాలి. మీరు చేసిన మార్పులన్నీ ఉండేది అందులోనే. లైట్‌రూమ్‌లో ఫొటో ఎంచుకుని కంట్రోల్ ఎస్ నొక్కితే (మ్యాక్‌లో కమాండ్ ఎస్) రా ఫైలు పక్కనే అదే పేరుతో అది తయారవుతుంది. ఆ తర్వాత ఫోల్డరులోకి వెళ్లి రా ఫైలు పేరు ఒక్కటే మార్చితే జత తెగిపోతుంది, అవతలివాళ్లకు ఎడిట్ చేయని ఫొటోనే తెరుచుకుంటుంది. పేరు మార్చాలంటే లైట్‌రూమ్ లోపలే మార్చండి. డీఎన్‌జీ (అడోబ్ రూపొందించిన రా ఫైలు రకం) ఫైలుకు ఈ బెడద లేదు, మార్పులు అందులోనే దాగి ఉంటాయి.

పూర్తి సైజు రా ఇవ్వడం ఇష్టం లేకపోతే స్మార్ట్ ప్రివ్యూ ఇవ్వండి. పొడవు వైపు 2,540 పిక్సెళ్లుండే చిన్న డీఎన్‌జీ అది. పెద్ద ప్రింటు వేసుకోవడానికి పనికిరాదు, స్లైడర్లు కదిపి నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది.

వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ఆకాశం చారలు చారలుగా ఎందుకవుతోంది?

వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోను పొడవు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకు కుదించి, ఆపైన గట్టిగా నొక్కేస్తుంది. రాళ్లలో, గడ్డిలో ఆ నష్టం కంటికి ఆనదు. నారింజ నుంచి నీలానికి మెల్లగా మారే తెల్లవారుజాము ఆకాశంలో మాత్రం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. హెచ్‌డీ ఎంచుకుంటే కొంత నయం, అయినా కుదింపు తప్పదు.

ఉన్నది ఉన్నట్టు పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. 2 జీబీ వరకు ఏ ఫైలైనా మార్పు లేకుండా వెళుతుంది. ఒక జాగ్రత్త: ఫైలులో ఉన్న జీపీఎస్ వివరాలు కూడా అలాగే వెళతాయి.

మరి అందరి ఫైళ్లూ ఎక్కడ పెట్టుకోవాలి?

ముందు లెక్క వేసుకోండి. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు దాదాపు 25 నుంచి 30 ఎంబీ. ఇరవై మంది మూడేసి రా ఫైళ్లు పెడితే 1.8 జీబీ, పదేసి పెడితే 6 జీబీ. గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిలూ ఫొటోలూ కూడా. కాబట్టి మూడేసి రా ఫైళ్ల పద్ధతిలో ఒకరి డ్రైవ్ సరిపోతుంది.

ఒక పెద్ద ఫోల్డరు, అందులో ఒక్కొక్కరికి ఒక ఫోల్డరు, దానిలో ముడి ఫైళ్లకు ఒకటి, ఎడిట్ చేసినవాటికి ఒకటి. ఫైలు పేరులో మీ పేరు, చోటు, వరుస సంఖ్య ఉండాలి. కెమెరా ఇచ్చిన పేర్లతోనే పెడితే ఇద్దరి ఫైళ్లకు ఒకే పేరు రావడం చాలా మామూలు.

గూగుల్ ఫొటోస్ ఉమ్మడి ఆల్బమ్ చూడటానికి హాయిగా ఉంటుంది. అందులో స్టోరేజ్ సేవర్ ఆన్‌లో ఉంటే 16 మెగాపిక్సెళ్లు దాటినవి కుదించుకుపోతాయి. మార్పిడికి డ్రైవ్, కబుర్లకు ఆల్బమ్ అనుకోండి.

ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు ఏం పెట్టాలి?

తెర మీద చూడటానికి: జేపెగ్, క్వాలిటీ 80, కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ, పొడవు వైపు 2,048 పిక్సెళ్లు, అవుట్‌పుట్ షార్పెనింగ్‌లో స్క్రీన్, స్టాండర్డ్. క్వాలిటీ 100 పెడితే ఫైలు బరువు పెరుగుతుంది తప్ప కంటికి తేడా తెలియదు. ఇన్‌స్టాగ్రామ్‌కు నిలువు ఫొటో అయితే 1080 × 1350 పెట్టుకోండి. డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంకె తెర మీద దేనికీ పనికిరాదు, దాన్ని పట్టించుకోకండి.

నా ల్యాప్‌టాప్‌లో ఒక రంగు, వాళ్ల ఫోన్‌లో ఇంకో రంగు. ఎవరిది సరైనది?

ముందు ఫైలు చూడండి. అడోబ్ ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫొటో, కలర్ ప్రొఫైల్‌ను లెక్కచేయని యాప్‌లో తెరుచుకుంటే ఎర్ర రాళ్లు పాలిపోయి కనిపిస్తాయి. ఎస్‌ఆర్‌జీబీలో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ గొడవ పోతుంది.

ఫైలు సరిగ్గా ఉంటే తప్పు తెరది. ఫోన్ డిస్‌ప్లే వివిడ్ మోడ్‌లో ఉంటే ఎరుపు, నారింజ మండిపోతాయి, నేచురల్‌కు మార్చండి. రాత్రిపూట పసుపు పులిమే నైట్ లైట్, గది వెలుగును బట్టి తెర రంగు మార్చే ట్రూ టోన్ లాంటివి ఎడిటింగ్ వేళ ఆపేయాలి. తెర రంగుల్ని కొలిచి సరిచేసే కాలిబ్రేషన్ పరికరం దొరికితే వైట్ పాయింట్ 6500 కెల్విన్, గామా 2.2, వెలుతురు 100 నుంచి 120 క్యాండెలాలకు కట్టండి. లేకపోతే కనీసం తెర వెలుతురు ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంచి, గదిలో ఎండ తెర మీద పడకుండా చూసుకోండి. ప్రకాశం పూర్తిగా పెంచిన తెర మీద ఎడిట్ చేసిన ఫొటోలు మిగతావాళ్ల దగ్గర చీకటిగా కనిపించడం ప్రతి బృందంలోనూ జరిగేదే.

ఫొటోతో పాటు ఏం రాయాలి?

మూడు నాలుగు వాక్యాలు చాలు, వాటిలో మీరు మార్చినదీ మీకు తేలనిదీ ఉండాలి. ఇలా:

"లోయ అంచు, ఉదయం 6:10, 16 ఎంఎం, ఎఫ్/11, 1/8 సెకను, ఐఎస్‌ఓ 100, ట్రైపాడ్. మూడు ఎక్స్‌పోజర్లు కలిపాను. ఎడమ మూల ప్లాస్టిక్ సీసా చెరిపేశాను. ముందున్న బండ నీడ బాగా తేల్చాను. అవతలి గోడ మీద ఆకాశం కలిసే చోట తెల్ల గీత వస్తోంది, పోవడం లేదు."

దీనికి "సూపర్" అని ఎవరూ రాయరు. ఆ తెల్ల గీత సంగతే మాట్లాడతారు.

లోయ నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చింది. ఒకే రా ఫైలు ఉంది. ఏం చేయాలి?

గండికోట తెల్లవారు ఫొటోల్లో సగానికి సగం ఇదే సమస్య. సూర్యుడు దిగంతం మీదికి వచ్చేసరికి లోయ అడుగు ఇంకా నీడలోనే ఉంటుంది. ఆ రెంటి మధ్య వెలుతురు తేడాను సెన్సర్ ఒక్క ఫ్రేములో మోయడం కష్టం.

ముందు ఆకాశంలో సమాచారం మిగిలి ఉందో లేదో తేల్చుకోండి. లైట్‌రూమ్ డెవలప్ మాడ్యూల్‌లో జే కీ నొక్కితే పూర్తిగా తెల్లబడిన చోట్లు ఎర్రగా, నల్లబడినవి నీలంగా కనిపిస్తాయి. హైలైట్స్‌ను మైనస్ 100కు లాగినా ఆకాశంలో పెద్ద ముక్క ఎర్రగానే ఉందంటే అక్కడ ఏమీ లేదు, దాన్ని ఎవరూ తేలేరు. సూర్యబింబం ఒక్కటే ఎర్రగా ఉంటే ఫర్వాలేదు, అది తెల్లగానే ఉండాలి.

సమాచారం ఉందనుకుంటే వరుస ఇది. మొదట ప్రొఫైల్ అడోబ్ కలర్‌కు మార్చి, లెన్స్ కరెక్షన్, రిమూవ్ క్రోమాటిక్ అబరేషన్ (అంచుల్లో వచ్చే రంగు గీతలు తీసేది) రెండూ ఆన్ చేయండి. తర్వాత వైట్ బ్యాలెన్స్. ఎక్స్‌పోజర్‌ను ఆకాశానికి కాదు, ఫొటో మధ్యభాగానికి సరిపోయేలా పెట్టండి. హైలైట్స్ మైనస్ 60 నుంచి 80, షాడోస్ ప్లస్ 30 నుంచి 50. ఆపైన ఆల్ట్ కీ పట్టుకుని వైట్స్ జరుపుతూ తెర నల్లగా ఉండి చుక్కలు కనిపించడం మొదలైన చోట ఆపండి. బ్లాక్స్ కూడా అలాగే, అక్కడ తెర తెల్లగా ఉంటుంది.

షాడోస్‌ను ప్లస్ 100కు లాగేయాలనిపిస్తుంది, ఆగండి. నీడలన్నీ ఎత్తేస్తే లోయకు లోతు పోతుంది, అవతలి గోడ అట్టముక్కలా అతుక్కుపోతుంది. గోడలో ఒక్క పగులు కనబడేంత వెలుగు చాలు, అడుగు నల్లగానే ఉండనివ్వండి. మిగతాది మాస్కులతో (ఫొటోలో ఒక భాగానికే మార్పు పడేలా చేసే ఎంపికలతో) చేయండి: సెలెక్ట్ స్కైతో ఆకాశానికి ఎక్స్‌పోజర్ మైనస్ 0.3 నుంచి 0.6, లోయ మీద పెద్ద మెత్తని బ్రష్‌తో ప్లస్ 0.4. నాయిస్ (గింజల్లాంటి మచ్చలు) సంగతి చివర్లో చూడండి, ఎందుకంటే నీడలు తేల్చాకే అది బయటికొస్తుంది.

మూడు ఎక్స్‌పోజర్లు తీశాను. కలిపితే చెట్లు రెండేసి కనిపిస్తున్నాయి.

ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య గాలికి కొమ్మ కదిలింది. మూడింటినీ ఎంచుకుని కంట్రోల్ హెచ్ నొక్కాక వచ్చే పెట్టెలో ఆటో అలైన్ టిక్ పెట్టి, డీఘోస్ట్‌ను (కదిలినవి రెండుగా కనిపించకుండా చేసేది) ముందు లో, చాలకపోతే మీడియం చేయండి. హై పెట్టినప్పుడు కదిలిన చోటంతా ఒకే ఫ్రేము నుంచి తీసుకుంటుంది కాబట్టి అక్కడ నాయిస్ ముద్దలు కనిపించవచ్చు. కలిసిన డీఎన్‌జీలో ఎక్స్‌పోజర్ స్లైడర్ మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా కదులుతుంది. అంత చోటు ఉందని అంతా వాడనక్కర్లేదు.

తీసేటప్పుడు మైనస్ 2, 0, ప్లస్ 2 స్టాపులు సరిపోతాయి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం). ఎపర్చర్, ఐఎస్‌ఓ, ఫోకస్ కదలకూడదు, షట్టర్ వేగం ఒక్కటే మారాలి. ఎపర్చర్ మారితే మూడింటిలో ఫోకస్ లోతు మూడు రకాలుగా ఉంటుంది, కలిపాక అంచులు మసకబారతాయి.

కొండ అంచున తెల్ల గీత ఎందుకొస్తోంది?

మూడు కారణాలు. ఆకాశాన్ని చీకటి చేసిన మాస్కు అంచు కొండను సరిగ్గా తాకలేదు, మధ్యలో మార్పు పడని సన్నని పట్టీ మిగిలింది. లేదా క్లారిటీ, డీహేజ్ ఎక్కువయ్యాయి, అవి అంచుల దగ్గర తేడాను పెంచే పని చేస్తాయి కాబట్టి. లేదా షార్పెనింగ్ రేడియస్ 1.5 దాటింది.

ఏదో తేల్చుకోవడానికి ఫొటోను 200 శాతానికి పెద్దది చేసి ఒక్కొక్క మాస్కునూ కంటి గుర్తు నొక్కి ఆపుతూ రండి. మాస్కే కారణమైతే సబ్‌ట్రాక్ట్ బ్రష్‌తో ఆ అంచు వెంట మెత్తగా చెరపండి, లేదా ఆకాశం చీకటిని సగానికి తగ్గించండి. సెలెక్ట్ స్కై చెట్ల కొమ్మల మధ్య తరచూ తడబడుతుంది. అలాంటి చోట లీనియర్ గ్రేడియంట్ వేసి, దాన్ని ల్యూమినెన్స్ రేంజ్‌తో ఇంటర్‌సెక్ట్ చేస్తే అంచు సహజంగా వస్తుంది.

ఎర్ర రాళ్లు ప్లాస్టిక్‌లా మండిపోతున్నాయి.

గండికోట గోడలు క్వార్ట్‌జైట్ రాయి. పొరలు పొరలుగా ఉండే ఈ రాయి మీద తొలి ఎండ పడినప్పుడు ఎరుపు, నారింజ నిజంగానే చిక్కగా ఉంటాయి. దానికి వైబ్రెన్స్, శాచురేషన్, పైన ల్యాండ్‌స్కేప్ ప్రొఫైల్ అన్నీ కలిపితే హిస్టోగ్రామ్‌లో (వెలుగు పంపిణీ చూపే గ్రాఫ్) ఎరుపు ఛానెల్ ఒక్కటే కుడి గోడకు గుద్దుకుంటుంది. అలా గుద్దుకున్న చోట రాతి గరుకు పోయి ఒకే రంగు ముద్ద మిగులుతుంది. ప్లాస్టిక్ అనిపించేది అదే.

శాచురేషన్ సున్నాకు తెచ్చి, కలర్ మిక్సర్‌లో నారింజకు శాచురేషన్ మైనస్ 10 నుంచి 15, ల్యూమినెన్స్ మైనస్ 10 ఇవ్వండి. రంగు తగ్గినట్టు అనిపించదు, బరువెక్కుతుంది. రాతి గరుకు కావాలంటే టెక్స్చర్ ప్లస్ 15 నుంచి 25 ఇవ్వండి, క్లారిటీ జోలికి వెళ్లొద్దు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే కెమెరా తొలి ఎండలోని పసుపును లోపమనుకుని దిద్దేస్తుంది. డేలైట్ నుంచి, అంటే 5500 కెల్విన్ చుట్టుపక్కల నుంచి మొదలెట్టి, నీడలోని రాయి మరీ నీలంగా లేని చోట ఆగండి. నీడలో కాస్త నీలం ఉండాలి, ఎండ పడిన చోట వెచ్చదనం దానివల్లే తెలుస్తుంది.

ముళ్లపొదల ఆకుపచ్చ కూడా ఇలాగే గొడవ చేస్తుంది. ఆ పచ్చదనంలో ఎక్కువ భాగం పసుపు స్లైడర్ కిందికొస్తుంది, ఆకుపచ్చ కిందికి కాదు. పసుపు శాచురేషన్ మైనస్ 15 చేసి చూడండి.

దూరపు కొండల మీది మసక తీసేయాలా?

మొత్తం తీసేయకండి. దూరం తెలిసేది ఆ మసకతోనే. ఎర్రమల కొండల వరుసలు ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోతుంటేనే లోతు కనిపిస్తుంది. ఫొటో మొత్తానికి డీహేజ్ ప్లస్ 40 పెట్టినప్పుడు ఆకాశం ముదురు నీలమవుతుంది, మూలలు నల్లబడతాయి, సెన్సర్ మీది దుమ్మంతా బయటికొస్తుంది. దూరపు వరుసకు ఒక్కదానికే మాస్కు వేసి ప్లస్ 10 నుంచి 20 ఇవ్వండి.

పాడేరు దగ్గర వంజంగిలో తీసిన మేఘాల సముద్రానికైతే లెక్క తిరగబడుతుంది. తెల్లటి పొగమంచును కెమెరా మీటరు బూడిద రంగు చేసేస్తుంది కాబట్టి తీసేటప్పుడే ప్లస్ 0.7 నుంచి 1 స్టాపు ఇవ్వాలి. ఎడిటింగ్‌లో మేఘాలకు డీహేజ్ మైనస్ 5 నుంచి 10, క్లారిటీ మైనస్ 10 ఇస్తే మంచు మెత్తగా పరుచుకుంటుంది. చీకటిగా తీసి ఇంటి దగ్గర ఎత్తితే మేఘాల నీడల్లో నీలం, ఊదా మచ్చలు తేలతాయి.

ముందు బండ పదునుగా ఉంటే వెనక గోడ మసక, వెనకది పదునైతే ముందుది మసక.

దీనికి ఎడిటింగ్‌లో మందు లేదు, షార్పెనింగ్ ఫోకస్‌ను సృష్టించలేదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 16 ఎంఎం, ఎఫ్/11 దగ్గర హైపర్‌ఫోకల్ దూరం సుమారు 0.8 మీటర్లు. అక్కడ ఫోకస్ పెడితే 0.4 మీటర్ల నుంచి అనంతం దాకా సరిపడా పదునుంటుంది. 24 ఎంఎం అయితే ఆ దూరం సుమారు 1.8 మీటర్లు. దూరపు గోడ ముఖ్యమైతే లెక్కకు వచ్చినదానికంటే కాస్త అవతల పెట్టండి. ఎఫ్/22కు వెళ్లొద్దు, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం) వల్ల ఫొటో అంతా మెత్తబడుతుంది.

బండకు మరీ దగ్గరగా ఉంటే ముందు, మధ్య, దూరం మూడు ఫోకస్‌లతో తీసి ఫొటోషాప్‌లో లేయర్లుగా తెరవండి. ఎడిట్ మెనూలో ఆటో అలైన్ లేయర్స్, తర్వాత ఆటో బ్లెండ్ లేయర్స్, అందులో స్టాక్ ఇమేజెస్. గాలికి ఊగే గడ్డి ముందుంటే ఇది కుదరదు, గడ్డి పోచలు తెగిపోయి కనిపిస్తాయి.

ఆకాశంలో నల్ల చుక్కలు. పక్షులేనా?

ఒకే లెన్స్‌తో తీసిన రెండు మూడు ఫొటోల్లో అదే చోట ఉంటే సెన్సర్ మీది దుమ్ము. ఎపర్చర్ మూసేకొద్దీ చుక్క నల్లగా, చిన్నగా, స్పష్టంగా అవుతుంది. రిమూవ్ టూల్‌లో (పాత వెర్షన్లలో స్పాట్ రిమూవల్) విజువలైజ్ స్పాట్స్ టిక్ పెడితే అన్నీ తెల్ల వలయాల్లా బయటపడతాయి. ఒక ఫొటోలో చెరిపి, ఆ మార్పును అదే చోట తీసిన మిగతావాటికి సింక్ చేయండి. కింద రాళ్ల మీద పడ్డ చుక్కలు ఎవరికీ కనిపించవు, వదిలేయండి.

లోయ మొత్తం పట్టేలా తీసిన పనోరమా వంకరగా కలుస్తోంది.

కెమెరాను నిలువుగా పట్టి, ఫ్రేముకూ ఫ్రేముకూ 30 శాతం మీద పడేలా తీసి ఉండాలి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మాన్యువల్. పోలరైజర్ ఫిల్టర్ తీసేయాలి, లేకపోతే ఆకాశంలో ఒక ముక్క ముదురుగా, ఒక ముక్క లేతగా వస్తుంది. దీన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం.

కలిపేటప్పుడు కంట్రోల్ ఎమ్ నొక్కి సిలిండ్రికల్ ఎంచుకోండి. లోయ లాంటి వెడల్పాటి దృశ్యానికి పర్‌స్పెక్టివ్ పనికిరాదు, చివరలు సాగిపోతాయి. బౌండరీ వార్ప్ 50 దాటితే దిగంతం వంగుతుంది, కాస్త క్రాప్ పోయినా సరేననుకోండి. ముందున్న బండ రెండు ముక్కలుగా విరిగిందంటే కెమెరాను లెన్స్ చుట్టూ కాకుండా మీ చుట్టూ తిప్పారన్నమాట. ఆ బండ లేకుండా కత్తిరించడమే దారి.

నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. పంచుకోవచ్చా?

నిస్సందేహంగా. కెమెరా యాప్‌లో రా లేదా ప్రో మోడ్ ఉంటే డీఎన్‌జీ తీయండి. స్నాప్‌సీడ్ యాప్ దాన్ని తెరుస్తుంది. ఫోన్ జేపెగ్‌కు షార్పెనింగ్, హెచ్‌డీఆర్ ముందే పడి ఉంటాయి కాబట్టి దానికి స్ట్రక్చర్, హెచ్‌డీఆర్ స్కేప్ మళ్లీ వేయకండి. కంపోజిషన్ చర్చకు ఫోన్ ఫొటో, పెద్ద కెమెరా ఫొటో సమానమే.

ఎవరిదో ప్రీసెట్ వేస్తే నా ఫొటో పాడవుతోంది.

ప్రీసెట్ అంటే దాచుకున్న ఎడిటింగ్ సెట్టింగుల కట్ట. అందులో వాళ్ల ఫొటోకు పెట్టిన ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ కూడా ఉండవచ్చు. మీది ఒక స్టాపు చీకటిగా తీసిందైతే ఆ అంకెలు సరిపోవు. ప్రీసెట్ తయారుచేసి ఇచ్చేవాళ్లు ఆ రెండూ, లెన్స్ కరెక్షన్, క్రాప్, మాస్కులు టిక్ తీసేసి, కలర్ మిక్సర్, కలర్ గ్రేడింగ్, టోన్ కర్వ్ వరకే ఉంచాలి. ప్రీసెట్ కంటే ఒకే రా ఫైలును అయిదుగురు అయిదు రకాలుగా ఎడిట్ చేసి పక్కపక్కన పెట్టుకోవడం వల్ల వచ్చే చదువు ఎక్కువ. మీ బృందం ఒక్క పనే చేయగలదనుకుంటే అదే చేయండి.

ఏఐతో మనుషుల్ని చెరపడం, ఆకాశం మార్చడం తప్పా?

చెప్పి చేస్తే తప్పు కాదు. సీసా, కరెంటు తీగ, ఫ్రేములోకి వచ్చిన తోటివారి భుజం చెరిపితే ఒక్క ముక్కలో రాయండి. ఆకాశమే మార్చితే అది వేరే రకం చిత్రం, వర్క్‌షాప్ ఫోల్డరులో పెట్టకండి. ఆ ఉదయం అక్కడే ఉన్న పదిహేను మందికి మేఘాలు లేవని తెలుసు. అంతకు మించి, మార్చిన ఆకాశానికీ కింది రాళ్ల మీది వెలుగుకూ దిక్కు కలవదు, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. పోటీలకు పంపాలనుకుంటే రా ఫైలు జాగ్రత్త చేయండి, చాలా పోటీలు చివరి దశలో అడుగుతాయి.

ఇతరుల ఫొటో మీద ఎలా వ్యాఖ్యానించాలి?

మొదట మీ కన్ను ఎక్కడికి వెళ్లిందో, తర్వాత ఎక్కడ చిక్కుకుందో చెప్పండి. "ఎడమ మూల వెలుగు ముక్క పదే పదే లాగుతోంది" అంటే పనికొచ్చే మాట. "ఇంకా బాగుండాల్సింది" అంటే కాదు. క్రాప్ సూచించాలంటే స్క్రీన్‌షాట్ మీద గీసి చూపండి. ఎవరి రా ఫైలునైనా ఎడిట్ చేసి చూపాలంటే ముందు వాళ్లను అడగండి.

వర్క్‌షాప్‌లో తీసిన ఫొటో హక్కు ఎవరిది?

తీసినవారిది. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటో తీసిన వ్యక్తే మొదటి హక్కుదారు. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు వాళ్లది. మీరు ఫీజు కట్టి నేర్చుకోవడానికి వెళ్లారు కాబట్టి నిర్వాహకులకు హక్కు దానంతటదే వెళ్లదు. వాళ్లు ప్రచారానికి వాడాలనుకుంటే మీ అనుమతి రాతలో తీసుకోవాలి. నేర్చుకోవడానికి ఇచ్చిన రా ఫైలుతో ఇంకొకరు తయారుచేసిన ఎడిట్ బయట పెట్టాలన్నా ఇంతే.

గండికోటలోని మాధవరాయ ఆలయం, జామా మసీదు లాంటి రక్షిత కట్టడాల లోపల ట్రైపాడ్, డ్రోన్ వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. అనుమతి లేకుండా తీసినవి ఫోల్డరులో చేర్చకండి, ఇబ్బంది బృందం మొత్తానికి వస్తుంది. స్థానికుల, ముఖ్యంగా పిల్లల ముఖాలు గుర్తుపట్టేలా ఉన్నవి వాళ్లవాళ్ల అనుమతి లేకుండా బయట పెట్టొద్దు.

రాతి చరియల్లో పక్షి గూడు, గుడ్లగూబ కనిపించి తీసి ఉంటే ఎక్స్‌పోర్ట్‌లో రిమూవ్ లొకేషన్ ఇన్ఫో టిక్ పెట్టండి. చోటు పేరు కూడా రాయకండి. మిగతా ఫొటోలకు చోటు చెప్పడంలో తప్పేం లేదు.

ప్రింటు ఎంత పెద్దది వేయొచ్చు? చీకటిగా ఎందుకొస్తోంది?

6000 × 4000 పిక్సెళ్ల ఫొటోను 300 డీపీఐలో 20 × 13 అంగుళాల దాకా వేయొచ్చు. గోడకు తగిలించి దూరం నుంచి చూసేదైతే 200 డీపీఐ కూడా బాగుంటుంది, అంటే 30 × 20. చీకటిగా రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ తెర ప్రకాశమే. దాన్ని తగ్గించి మళ్లీ చూడండి, లోయ నీడలు మూసుకుపోతే షాడోస్ మరో ప్లస్ 10 నుంచి 15 ఇవ్వండి. ల్యాబ్‌ను వాళ్ల కాగితం ప్రొఫైల్ అడిగి సాఫ్ట్ ప్రూఫింగ్‌లో పెట్టి చూస్తే నారింజ రంగుల్లో ఏవి కాగితం మీదికి రావో ముందే తెలుస్తుంది. పెద్దది వేసే ముందు అదే కాగితం మీద 8 × 10 ఒకటి వేయించండి.

కార్డు ఎప్పుడు ఫార్మాట్ చేయొచ్చు?

ఫైళ్లు రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండి, మూడో ప్రతి ఇంటి బయటో క్లౌడ్‌లోనో ఉన్నాక. కాపీ అయిందని నమ్మేయకుండా ఫైళ్ల సంఖ్య సరిచూసి, మధ్యలోవి ఓ పది తెరిచి చూడండి. ఉమ్మడి డ్రైవ్‌ను బ్యాకప్‌గా లెక్కించొద్దు. ఎడిట్ చేసే అనుమతి ఉన్న ఎవరైనా అందులోని ఫైలును పొరపాటున తీసేయవచ్చు, అందుకే మీ ఫోల్డరు తప్ప మిగతావాటికి వ్యూయర్ అనుమతే పెట్టించుకోండి. ఫార్మాట్ కంప్యూటరులో కాకుండా కెమెరాలోనే చేయండి.